రోము పంపకాలు: తూర్పుకు మాగాణి, పడమరకు మెట్ట

వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి నైరుతి మూలన గోడకు ముదురు ఊదా రంగు రాతి శిల్పం ఒకటి అతికించి ఉంటుంది. నలుగురు మనుషులు ఇద్దరిద్దరుగా, ఒకరినొకరు కావలించుకుని నిలబడి ఉంటారు. ముఖాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రతి జంటలోనూ ఒకరి చేయి రెండోవారి భుజం మీద ఉంటుంది. అంత ఆప్యాయతలోనూ నలుగురూ ఒక చేత్తో కత్తి పిడి పట్టుకునే ఉంటారు. వారిలో ఒకరికి అసలు పాదం లేదు, వేరే రాయితో చేసి అతికించారు. ఆ పాదం ముక్క 1960లలో ఇస్తాంబుల్ తవ్వకాల్లో బయటపడింది. 1204లో క్రూసేడు యోధులు కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టి ఈ శిల్పాన్ని పెకలించుకుపోయినప్పుడు అది అక్కడే ఉండిపోయింది.

ఆ నలుగురూ 293 నుంచి రోమన్ సామ్రాజ్యాన్ని కలిసి ఏలిన పాలకులని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే మనం బడిలో చదువుకున్న "395లో రోమన్ సామ్రాజ్యం రెండుగా చీలింది" అనే వాక్యానికి వందేళ్ల ముందే అక్కడ పంపకాలు మొదలయ్యాయి. ఆ వాక్యం అబద్ధమని అనను. కానీ అది మనసులో వేసే బొమ్మ తప్పు: ఒకరోజు కత్తి దిగింది, రెండు ముక్కలయ్యాయి, ఒక ముక్క కుళ్లిపోయింది అన్నట్టు ఉంటుంది. జరిగింది అన్నదమ్ముల ఆస్తి పంపకం లాంటిది. ఇంటిపేరు ఒక్కటే, చట్టం ఒక్కటే, పొలాలు మాత్రం వేరు. అలాంటి పంపకంలో ఎవరు చితికిపోయారో తెలియాలంటే పంచిన తేదీని కాక, ఎవరి వాటాకు ఏ పొలం వచ్చిందో చూడాలి.

అసలు పంచవలసిన అవసరం ఎందుకు వచ్చింది? 235 నుంచి 284 వరకు, యాభై ఏళ్లలో, ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. మంచాన పడి పోయినవాళ్లు అరుదు, చాలామందిని సొంత సైనికులే చంపారు. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్ చేతికి బందీగా చిక్కాడు. ఆ అవమానాన్ని పర్షియన్లు కొండరాతి మీద చెక్కించుకున్నారు, ఇప్పటికీ ఇరాన్‌లో చూడవచ్చు. ఆ ఏడాదే గాల్ ప్రాంతం, అంటే నేటి ఫ్రాన్సు, సొంత చక్రవర్తిని పెట్టుకుంది. తూర్పున సిరియాలోని పామైరా రాణి జెనోబియా ఈజిప్టు దాకా ఆక్రమించింది. 274 నాటికి ఆరేలియన్ చక్రవర్తి ఈ ముక్కలన్నిటినీ మళ్లీ కుట్టాడు, మరుసటి ఏడాది ఆయనా హత్యకు గురయ్యాడు.

ఈ గొడవలన్నిటి అడుగున ఒకే చిక్కు ఉంది. రైన్ నది దగ్గర దాడి జరిగితే, యూఫ్రటీస్ దగ్గరున్న చక్రవర్తికి వార్త చేరడానికే వారాలు పట్టేది. ఆయన సైన్యంతో వచ్చేసరికి నెలలు. ఈలోగా అక్కడి సైనికులు ఎవరి వైపు చూడాలి? జీతం పైన దక్కే బంగారు బహుమతులు, పదోన్నతులు, ఫిర్యాదుల పరిష్కారం, అన్నీ చక్రవర్తి చేతి మీదుగానే జరగాలి. ఆయన కంటికి కనబడని చోట సైన్యం తన సేనాపతినే సింహాసనం ఎక్కించేది. 284లో చక్రవర్తి అయిన డయోక్లీషియన్ ఈ రోగం పట్టుకున్నాడు. 286 నాటికి మాక్సిమియన్‌ను సహచక్రవర్తిగా చేసుకున్నాడు, 293లో ఇద్దరికీ చెరొక ఉపచక్రవర్తిని జోడించాడు. ట్రియర్, మిలాన్, సిర్మియం, నికోమీడియా వంటి సరిహద్దుకు దగ్గరి నగరాలు రాజధానులయ్యాయి. రోము పేరుకు రాజధానిగా మిగిలింది. కాబట్టి విభజనను పతనానికి మొదటి మెట్టుగా చూడడం సరికాదు. అది రోగం కాదు, ఆ రోగానికి దొరికిన మందు. ఆ మందుతో సామ్రాజ్యం ఇంకో వందేళ్లు బతికింది.

మందుకు చెడు గుణం లేకపోలేదు. 305లో డయోక్లీషియన్ తానే గద్దె దిగి అడ్రియాటిక్ తీరాన కూరగాయలు పండించుకుంటూ కూర్చోగానే మిగిలినవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. చివరికి 324లో కాన్‌స్టంటైన్ ఒక్కడే మిగిలాడు. 330లో తన పేరిట కొత్త నగరాన్ని ప్రారంభించి, 337లో పోతూ పోతూ రాజ్యాన్ని మళ్లీ ముగ్గురు కొడుకులకు వదిలాడు.

364 నాటి పంపకం మాత్రం కాస్త ఆగి చూడదగ్గది. వాలెంటీనియన్, వాలెన్స్ అన్నదమ్ములు. నేటి సెర్బియాలోని నిష్ నగరం శివార్లలో ఇద్దరూ కూర్చుని సేనాపతులను పంచుకున్నారు. అక్కడి నుంచి సిర్మియం వెళ్లి కొలువు ఉద్యోగులను పంచుకున్నారు. అన్న పడమరకు, తమ్ముడు తూర్పుకు. ఆ తరువాత ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. 395లో జరిగిందని మనం చెప్పుకునేదంతా ముప్పై ఏళ్ల ముందే, ఏ హడావుడీ లేకుండా జరిగిపోయింది. థియొడోసియస్ చక్రవర్తి పడమటి తిరుగుబాటుదారును ఓడించి మొత్తాన్ని ఒక్క చేతిలోకి తెచ్చుకున్నది 394 సెప్టెంబరులో. 395 జనవరి 17న మిలాన్‌లో కన్నుమూశాడు. రోమన్ సామ్రాజ్యం మొత్తం ఆఖరిసారి ఒకే ఏలిక కింద ఉన్నది నాలుగు నెలల చిల్లర. తూర్పు పెద్దకొడుకు అర్కాడియస్‌కు, పడమర పదేళ్ల హొనోరియస్‌కు వచ్చాయి.

ఆ రోజు ఎవరూ రాజ్యం ముక్కలైందని ఏడవలేదు. చట్టాలు ఇద్దరి పేర్ల మీదా వెలువడుతూనే ఉన్నాయి. 438లో తూర్పు కొలువులో కూర్చిన ధర్మసంహితను రోములో సెనేట్ చప్పట్లతో ఆమోదించింది. ఏ జేజే ఎన్నిసార్లు కొట్టారో గుమాస్తాలు అంకెలతో సహా రాసిపెట్టారు. భట్రాజు పొగడ్తలకు లెక్క రాసే అలవాటు మరే కొలువులోనైనా ఉందేమో నాకు తెలియదు.

ఇక పొలాల సంగతికి వద్దాం. తూర్పు వాటాకు ఈజిప్టు వచ్చింది. ఏటా నైలు వరద తెచ్చే ఒండ్రుతో బంగారం పండే నేల. సిరియా, ఆసియా మైనర్ వచ్చాయి, అక్కడ నగరాలు దట్టం, చేతిపనులు, వర్తకం ఉన్నాయి. పర్షియాతో ఐదో శతాబ్దంలో ఎక్కువ కాలం శాంతి నడిచింది. డాన్యూబ్ వైపు నుంచి గోతులు, హూణులు అనే తెగలవాళ్లు బాల్కన్లను ఎన్నిసార్లు తొక్కినా బాస్ఫరస్ జలసంధి దాటలేకపోయారు. ఇవతల కాన్‌స్టాంటినోపుల్ అడ్డం నిలబడింది. 413 నాటికి కట్టిన దాని కొత్త గోడ వెయ్యేళ్లు నిలిచింది. శిస్తు వచ్చే పొలాలన్నీ ఆ గోడకు వెనక, నీటికి అవతల ఉన్నాయి. ఇది మాగాణి, దానికి కంచె కూడా పడింది.

పడమటి వాటాలో కంచె పొడుగు ఎక్కువ, పంట తక్కువ. రైన్ నది మొత్తం, డాన్యూబ్ ఎగువ భాగం కాపలా కాయాలి. బ్రిటన్, గాల్, స్పెయిన్, ఇటలీ, అన్నీ ఏదో ఒక దారిన దాడికి అందేవే. మెట్ట పొలాల మధ్య ఒకే ఒక్క మాగాణి ఉంది: మధ్యధరా సముద్రానికి ఆవలి ఒడ్డున కార్తేజ్ చుట్టూ ఉన్న ఉత్తర ఆఫ్రికా, నేటి ట్యునీషియా, తూర్పు అల్జీరియా. రోము నగరానికి ధాన్యం, నూనె అక్కడి నుంచే వచ్చేవి. పైగా అక్కడ యుద్ధాలు తక్కువ, కాబట్టి సైన్యం ఖర్చూ తక్కువే. ఆఫ్రికాలో మిగిలిందే యూరప్ సరిహద్దుకు జీతం.

జీతం అన్నాను కాబట్టి నాణేల గురించి ఒక మాట. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అవి ఆగస్టస్, టైబీరియస్ కాలాల దీనారియస్‌లు, దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో నాణెంలో వెండి తగ్గించాడు. ఆ తరువాతి రోమన్ వెండి నాణేలు మన దేశంలో దొరికేది తక్కువ. మన వర్తకులకు గీటురాయి చూడటం వచ్చునన్నమాట! రెండు వందల ఏళ్లు తిరిగేసరికి, 260ల చివరలో, అదే ప్రభుత్వం కొట్టించిన "వెండి" నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా లేదు. రాగి బిళ్లకు వెండి పూత, అంతే. కాన్‌స్టంటైన్ తెచ్చిన సాలిడస్ అనే బంగారు నాణెం పరువు నిలబెట్టింది. పౌను బంగారానికి 72 నాణేలు. అక్కడి పౌను అంటే మన ఎనిమిది గ్రాముల నగల లెక్క కాదు, దాదాపు 325 గ్రాముల తూకం. ఆ నాణెంలో మోసం లేదు. మోసం లేని నాణెంతో వచ్చే ఇబ్బంది కూడా అదే. వెండిలో రాగి కలిపినట్టు ఇందులో కలపలేరు. నిజంగా బంగారం ఉంటేనే జీతం.

పడమట బంగారం లేదా? ఉంది, ఖజానాలో లేదు. ఐదో శతాబ్దపు ఒక గ్రీకు రచయిత లెక్క ప్రకారం రోములోని పెద్ద సెనేటర్ కుటుంబాలలో చాలావాటికి భూముల మీద ఏటా 4,000 పౌన్ల బంగారం ఆదాయం. ధాన్యం, ద్రాక్షసారా రూపంలో వచ్చేది దానికి అదనం. ఈ అంకె గుర్తు పెట్టుకోండి. 408లో గోతుల నాయకుడు అలారిక్ తన సైన్యాన్ని నిలిపి ఉంచినందుకు సొమ్ము అడిగాడు: 4,000 పౌన్లు. పడమటి సేనాపతి స్టిలికో ఇచ్చేద్దామన్నాడు. సెనేట్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. లాంపాడియస్ అనే సెనేటర్ లేచి, "ఇది సంధి కాదు, బానిసత్వపు ఒప్పందం" అన్నాడు. మాట గొప్పదే. అని వెంటనే భయపడి దగ్గర్లోని చర్చిలో దాక్కున్నాడు. ఒక్క కుటుంబపు ఒక్క ఏటి రాబడితో తీరే బేరం అది.

ఆ ఏడాది ఆగస్టులోనే స్టిలికోను రాజద్రోహం నెపంతో తల తీశారు. ఇటలీ నగరాల్లో అతడి సైన్యంలోని గోతుల భార్యాబిడ్డలను ఊచకోత కోశారు, ఆ సైనికులు వేల సంఖ్యలో పోయి అలారిక్‌తో కలిశారు. అదే ఏడాది అలారిక్ రోమును చుట్టుముట్టి వసూలు చేసినది: 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు, 3,000 ఎర్ర అద్దకపు తోళ్లు, 3,000 పౌన్ల మిరియాలు. ఆ మిరియాలు మన పడమటి తీరం సరుకు, దాదాపు ఒక టన్ను. మొండితనానికి ఫలితం బేరం పెరగటమే. అప్పటికీ మాట తీరక 410 ఆగస్టు 24న అలారిక్ నగరంలో చొరబడి మూడు రోజులు దోచుకున్నాడు. రవెన్నాలో ఉన్న హొనోరియస్‌కు "రోమా పోయింది" అని చెబితే, "ఇప్పుడే కదా నా చేతిలో గింజలు తింది" అని రోమా అనే తన పెంపుడు కోడి గురించి కంగారు పడ్డాడట. వందేళ్లు దాటాక రాసిన కథ ఇది, నమ్మనక్కరలేదు. జనం ఆయన గురించి ఏమనుకున్నారో మాత్రం తెలుస్తుంది.

పంపకాల తగాదా ఇక్కడ తన పని చేసింది. బాల్కన్లలోని ఇల్లిరికం ఎవరిదన్నదాని మీద రెండు కొలువులకూ పడలేదు. సైనికులను చేర్చుకోవడానికి పేరుపడ్డ నేల అది. 397లో కాన్‌స్టాంటినోపుల్ స్టిలికోను దేశద్రోహిగా ప్రకటించింది. అదే ఏడాది ఆఫ్రికా సేనాపతి గిల్డో పడమరను వదిలి తూర్పుకు విధేయత ప్రకటిస్తే వద్దనలేదు. రోముకు ధాన్యం ఆగింది. ఆ తిరుగుబాటు మరుసటి ఏడాదే అణగిపోయింది గానీ, పడమటి పీక ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలిసిపోయింది.

తెలుసుకున్నవాళ్లలో ఆఖరివాడు వాండళ్ల రాజు గైసెరిక్. 406 ఆఖరున రైన్ దాటిన తెగలలో వాండళ్లు ఒకరు. గాల్ మీదుగా స్పెయిన్, అక్కడి నుంచి 429లో పిల్లాజెల్లాతో సహా ఆఫ్రికా తీరానికి చేరారు. ఆ గైసెరిక్ పదేళ్లు ఆగి, సంధిలో ఉండగానే, 439 అక్టోబరు 19న కార్తేజ్‌ను కాజేశాడు. పడమటి సామ్రాజ్యం ఎప్పుడు పోయిందని నన్నడిగితే 395 అనను, 476 అనను. ఈ తేదీ చెబుతాను. కావలసిన సాక్ష్యం వాళ్ల చట్టాల్లోనే ఉంది. 440ల మధ్యలో పడమటి చక్రవర్తి మూడో వాలెంటీనియన్ ఒక శాసనంలో, కొత్తగా చేర్చుకున్న సైనికులకు కాదు, పాతవాళ్లకు కూడా తిండి బట్ట సరిపెట్టలేకపోతున్నామని తానే ఒప్పుకున్నాడు. దానితో పాటు అమ్మకాల మీద 24వ వంతు కొత్త పన్ను వేశాడు. 445లో, సంధి ప్రకారం తిరిగి వచ్చిన ఆఫ్రికా ముక్కల్లో శిస్తును ఎనిమిదో వంతుకు తగ్గించవలసి వచ్చింది. అంతకంటే రాబట్టడానికి ఆ నేలలో ఏమీ మిగలలేదు.

ఇక్కడి నుంచి లెక్క ఒక చక్రంలా తిరుగుతుంది. శిస్తు తగ్గితే సైన్యం తగ్గుతుంది, సైన్యం తగ్గితే ఇంకో ప్రాంతం పోతుంది, దానితో శిస్తు ఇంకా తగ్గుతుంది. సైన్యాన్ని పోషించలేని చోట గోతులకో బర్గండియన్లకో భూములిచ్చి, మీరే కాపలా ఉండండి అన్నారు. భూమి ఇచ్చాక దాని మీద వచ్చే పన్నూ పోయినట్టే. ఆయేషియస్ వంటి సమర్థుడైన సేనాపతి 451లో అట్టిలాను నిలువరించింది కూడా ఎక్కువగా గోతుల బలంతోనే. 454లో వాలెంటీనియన్ అతణ్ణి స్వయంగా కత్తితో పొడిచి చంపాడు. ఆరు నెలలు తిరగకముందే ఆయేషియస్ మనుషులు చక్రవర్తిని చంపారు. ఆ సందులో, 455లో, గైసెరిక్ ఓడల మీద వచ్చి రోమును రెండు వారాలు తీరికగా దోచుకున్నాడు.

తూర్పు తన తోడబుట్టిన పడమరను గాలికి వదిలేసిందని ఒక అపవాదు ఉంది. తొలి రోజుల్లో ఆ మాట కొంత నిజం. తరువాత కాదు. 441లో తూర్పు నౌకాదళం కార్తేజ్ కోసం సిసిలీ దాకా వచ్చింది, డాన్యూబ్ మీద హూణులు విరుచుకుపడటంతో వెనక్కి పిలిచారు. 468లో లియో చక్రవర్తి చేసిన ప్రయత్నం మామూలుది కాదు. వెయ్యికి పైగా ఓడలు. ఖర్చు గురించి పాత రచయితల లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు, తక్కువ చెప్పినవాళ్లు చెప్పింది 64,000 పౌన్ల బంగారం. సాలిడస్‌లలో నలభై ఆరు లక్షలు. కార్తేజ్‌కు కొంత దూరంలో లంగరు వేసిన సేనాపతి బాసిలిస్కస్, గైసెరిక్ అడిగిన ఐదు రోజుల గడువు ఇచ్చాడు. ఆ గడువులో గాలి తిరిగింది. గైసెరిక్ ఖాళీ ఓడలకు నిప్పంటించి, గాలివాటున రోమన్ నౌకల గుంపు మీదికి వదిలాడు. బాసిలిస్కస్ లంచం తిన్నాడని కొందరన్నారు, తెలివితక్కువవాడని కొందరన్నారు. ఏదైనా పడమరకు మాగాణి తిరిగి వచ్చే ఆఖరి అవకాశం ఆ మంటల్లో పోయింది. తూర్పు ఖజానా కూడా వట్టిపోయింది. అయినా 518లో తూర్పు చక్రవర్తి అనస్తాసియస్ చనిపోయేనాటికి అక్కడ 3,20,000 పౌన్ల బంగారం నిల్వ ఉందని చెబుతారు. మాగాణి ఉన్న ఇల్లు అప్పుల్లోంచి అలా తేరుకుంటుంది.

476 ఇక లాంఛనమే. ఇటలీలో మిగిలిన సైన్యం దాదాపు అంతా పరాయి తెగల కూలిసేన. ఇవ్వడానికి బంగారం లేదు కాబట్టి వాళ్లు ఇటలీ భూమిలో మూడో వంతు అడిగారు. కాదన్నవాళ్లను చంపి, వాళ్ల నాయకుడు ఓడొవాకర్ సెప్టెంబరు 4న రోములస్ అగస్టులస్ అనే కుర్రవాణ్ణి గద్దె దింపాడు. వయసు చూసి జాలిపడి చంపలేదు. నేపుల్స్ దగ్గర ఒక సముద్రపు ఒడ్డు భవంతికి పంపి, ఏడాదికి 6,000 సాలిడస్‌ల భరణం ఏర్పాటు చేశాడు. తూకం వేస్తే 83 పౌన్ల బంగారం. ఇందాకటి సెనేటర్ రాబడి పక్కన పెట్టి చూసుకోండి. రాజచిహ్నాలను కట్టగట్టి కాన్‌స్టాంటినోపుల్‌కు పంపుతూ, ఇద్దరికీ కలిపి ఒక చక్రవర్తి చాలని సెనేట్ దూతల చేత చెప్పించారు. అంటే కాగితం మీద చూస్తే ఆ రోజు సామ్రాజ్యం కూలలేదు, పంచుకున్న ఆస్తి మళ్లీ ఒకటైంది!

కాగితం మీద కాక సరిహద్దు మీద అది ఎలా ఉండేదో చెప్పే కథనం ఒకటి ఉంది. డాన్యూబ్, ఇన్ నదులు కలిసేచోట, నేటి జర్మనీలోని పసావ్ పట్టణంలో, బటావిస్ అనే చిన్న కోట ఉండేది. ఆ ప్రాంతంలో ఉన్న సెవరినస్ అనే సాధువు చరిత్రను ఆయన శిష్యుడు రాశాడు. అందులో ఈ ముక్క వస్తుంది. ఒకప్పుడు సరిహద్దు కోటల్లోని సైనికులకు ప్రభుత్వ సొమ్ము నుంచి జీతం వచ్చేది. జీతం ఆగిపోయాక దళాలు ఒక్కొక్కటే చెదిరిపోయాయి, సరిహద్దూ వాటితో పాటే పోయింది. బటావిస్ దళం మాత్రం కాపలా వదలలేదు. తమకు రావలసిన ఆఖరి జీతం తెమ్మని కొందరిని ఇటలీకి పంపింది. దారిలో వాళ్లను చంపేశారు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒకరోజు గదిలో చదువుకుంటున్న సెవరినస్ చటుక్కున పుస్తకం మూసి నిట్టూర్చాడు. ఏటి దగ్గరికి పరుగెత్తండని పక్కనున్నవాళ్లను తొందరపెట్టాడు. అంతలోనే కబురు వచ్చింది. జీతం తేవడానికి వెళ్లినవాళ్ల శవాలను నీరు ఒడ్డుకు తెచ్చింది.